ఈజిప్టు పడవ, మన శనివారం రీటెస్ట్

గత నెలలో ఎనిమిదో తరగతికి ఒక స్పోకెన్ ఇంగ్లిష్ యాక్టివిటీ ఇచ్చాను. ఒలింపిక్స్‌లో ఆడిన విదేశీ క్రీడాకారుడు ఒకరిని ఎంచుకుని రెండు నిమిషాలు మాట్లాడాలి. ఉసేన్ బోల్ట్‌ని నలుగురు తీసుకున్నారు, ఫెల్ప్స్‌ని ముగ్గురు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు మాత్రం లేచి "అబ్దెల్‌ఖాలెక్ ఎల్-బన్నా" అన్నాడు. ఈజిప్టు ఆటగాడట, రోయింగ్ అట. క్లాసులో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

"ఏ మెడల్ వచ్చిందిరా?" అని పక్కవాడు అడిగాడు.

"రాలేదు."

క్లాసంతా నవ్వింది. వాడు కూర్చోబోయాడు. నేనే "కానీ, చెప్పు" అన్నాను. వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే చెప్పాడు. ఆ రాత్రి నేనూ కూర్చుని చదివాను. అప్పటినుంచి ఈ విషయం మీతో మాట్లాడాలని ఉంది.

2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల సింగిల్ స్కల్స్‌లో ఎల్-బన్నా పోటీ చేశాడు. అంటే ఒక పడవ, ఒక మనిషి, రెండు తెడ్లు, 2,000 మీటర్ల నీళ్లు. పడవ ఎనిమిది మీటర్లకు పైగా పొడవుంటుంది గానీ వెడల్పు ఒక అడుగు చుట్టుపక్కలే. బరువు కనీసం 14 కిలోలుండాలని రూలు. మన వంటింటి సిలిండర్‌లో పట్టే గ్యాస్ కూడా దాదాపు అంతే బరువు. దాని మీద కూర్చుని ఏడు నిమిషాలపాటు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాలి. తెడ్డు కాస్త అటూ ఇటూ అయితే పడవ ఒరిగిపోతుంది.

ఇంకో విచిత్రం. తెడ్డు వేసేవాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. అందుకే ముందున్నవాడికి వెనకవాళ్లందరూ కనిపిస్తారు. అందరికంటే వెనకున్నవాడికి మాత్రం ఒక్క పడవా కనిపించదు. బయల్దేరిన చోటు, తను దాటి వచ్చిన నీళ్లు, అంతే. అయినా వాడు ఆపకుండా తెడ్లు వేస్తూనే ఉండాలి.

కైరోలో నైలు నది ఒడ్డునే రోయింగ్ క్లబ్బులున్నాయి. అంత నది ఉన్నా రోయింగ్‌లో ఈజిప్టుకు ఇప్పటివరకు ఒక్క ఒలింపిక్ పతకం రాలేదు. ఈ పోటీకి దేశానికి ఒక్క పడవే. ఆ ఒక్కటి కూడా ఆఫ్రికా ఖండపు అర్హత పోటీ ద్వారానే దక్కింది. ఈ ఆటలో తరాలుగా ఆరితేరిన న్యూజిలాండ్, క్రొయేషియా లాంటి దేశాల వాళ్ల పక్కన వెళ్లి కూర్చోవాలి. రియోలో స్వర్ణం గెలిచిన మాహె డ్రైస్‌డేల్‌కీ, రజతం వచ్చిన దామిర్ మార్టిన్‌కీ ఒకటే టైమ్, 6 నిమిషాల 41.34 సెకన్లు. ఫోటో చూసి తేల్చారు. మా పిల్లలకు బాగా నచ్చింది ఇదే, అది వేరే సంగతి.

నాకు నచ్చింది అక్కడ పోటీ నడిపిన పద్ధతి. మొదటి హీట్‌లో మొదటి మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు క్వార్టర్ ఫైనల్‌కి వెళ్లారు. మిగిలినవాళ్లను ఇంటికి పంపలేదు. వాళ్లకు ఇంకో రేసు పెట్టారు, దాని పేరు రెపెషాజ్. ఫ్రెంచ్ మాట. నీళ్లలో పడినదాన్ని మళ్లీ పైకి తీయడమని దాని అర్థం. అక్కడ గెలిచినవాళ్లు తిరిగి పోటీలోకి వచ్చారు. రియోలో దిగిన 32 మందిలో ఎవరూ ఒక్క రేసుతో బయటికి పోలేదు. మొదటి ఆరు స్థానాలకు ఎ ఫైనల్, 7 నుంచి 12 వరకు బి ఫైనల్, అలా ఎఫ్ ఫైనల్ దాకా జరిగాయి. నాసిక్ జిల్లాలో బావులు తవ్వే పని చేసి, తర్వాత సైన్యంలో చేరిన మన దత్తు భోకనల్ కూడా అదే రేసుల్లో ఉన్నాడు. సి ఫైనల్‌లో మొదట వచ్చి 13వ స్థానం తెచ్చుకున్నాడు.

ర్యాంకులు వద్దని నేను అనడం లేదు. మా క్లాసు లిస్టు గోడకు అంటించేది నేనే. రియో రోయింగ్‌లోనూ ముప్పై రెండోవాడి దాకా ర్యాంకు వేశారు. నా బాధల్లా శనివారం రీటెస్ట్ గురించి. స్లిప్ టెస్ట్‌లో తక్కువ వచ్చిన పిల్లలకు శనివారం సాయంత్రం అదే లెసన్ మళ్లీ చెప్పి, కొత్త పేపర్ ఇస్తున్నాం. మా సెక్షన్‌లో పదిహేను మంది రావాలి. ఆరుగురో ఏడుగురో వస్తారు. ఫోన్ చేస్తే "ఫంక్షన్ ఉంది మేడమ్" అంటారు. ఒక నాన్నగారు మాత్రం దాచకుండా చెప్పారు. "అది డల్ పిల్లల క్లాసని మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు మేడమ్. మావాడు అందులో కూర్చుంటే మాకు నామోషీ కాదా?"

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఫీజు కట్టడానికి ఆయన రెండు షిఫ్టులు చేస్తారని నాకు తెలుసు. కానీ ఆ మాట తర్వాత వాళ్లబ్బాయి శనివారం రాలేదు. టెన్సెస్ దగ్గర ఆగినవాడు అక్కడే ఉండిపోయాడు, క్లాసు మాత్రం పాసివ్ వాయిస్‌లోకి వెళ్లిపోయింది. వాడికి ముందున్నవాళ్లు ఎవరూ కనిపించడం లేదు. ఇప్పుడు రెండో రేసు కూడా లేకుండా చేశాం. రీటెస్ట్ మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని మేమూ ఈ నెల నుంచి నిర్ణయించుకున్నాం. ఆ తప్పు మాది. పిల్లల్ని పంపడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

మొన్నటి పీటీఎంకి ఆ వెనక బెంచీ అబ్బాయి వాళ్లమ్మగారు వచ్చారు. ర్యాంకు 41. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "ఎవరో మెడల్ రానివాడి గురించి మాట్లాడాడట కదా మేడమ్, ఇంకెవరూ దొరకలేదా వీడికి?" అన్నారు. తర్వాత ఆవిడే, "పాపం, అతను ఆ తర్వాత మానేశాడా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి వాడు అందుకున్నాడు. "లేదమ్మా, టోక్యోకి కూడా వెళ్లాడు."