బుల్లెట్టు ఎక్కడికీ పోదు

మా అన్నగారబ్బాయికి పాత బుల్లెట్టే కావాలట, బండి నేర్చుకోవడానికి. "బాబాయ్, ఆ చప్పుడు విన్నావా!" అంటాడు. చప్పుడు సరే, కాళ్ల సంగతేమిటి?

మద్రాసులో తయారైన ఆ బండికి చాలాకాలం గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. నేటి బండ్లకు ఇది తారుమారు. అలా నేర్చినవాడు రేపు ఇంకో బండి మీద పోతుండగా బర్రె అడ్డం వస్తే, బ్రేకనుకుని గేరు తొక్కుతాడు.

మా మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల పందేలు చూడవలసిందే. అయినా అరక నేర్చే పిల్లవాడికి పందెపు ఎద్దును ఎవరు కడతారు? సాధువునే కడతారు.

అందుకే పాత స్ప్లెండర్ చూడమన్నాను. తేలిక, సామాను ఊరూరా దొరుకుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ఛాసిస్ నంబరు ఆర్‌.సి.తో సరిచూడాలి, బ్రేకులకూ, హెల్మెట్టుకూ డబ్బు మిగల్చాలి.

బుల్లెట్టంటారా? అది ఎక్కడికీ పోదు. పిల్లవాడు క్షేమంగా ఇంటికి రావాలి.