శిశువుల యాటవస్తువులు: నోటికి తగినవి, చేతికి తగినవి

పసిబిడ్డకు ఏ వస్తువు నిచ్చినను ముందుగా నోట బెట్టుకొనును. కంటితో చూచి, చేతితో తడవి వస్తువును గ్రహించుట పెద్దలకు చెల్లినది. బిడ్డకు నోరే ప్రథమ పరీక్షాసాధనము. కావున బిడ్డకై యాటవస్తువును కొను తల్లి, తాను తినుబండారమును కొనుచున్నట్లే భావించి కొనవలయును.

ఇటీవల అంగళ్లయందు ప్రకృతిసిద్ధములను పేరుతో కొయ్యబొమ్మలు, గుడ్డబొమ్మలు, నారబొమ్మలు విరివిగా అమ్ముచున్నారు. ప్లాస్టిక్కు బొమ్మ విరిగిన పిదప ఏండ్లతరబడి చెత్తకుప్పలో పడియుండును. కాల్చిన విషధూమమును గ్రక్కును. కొయ్యబొమ్మ మట్టిలో గలిసిపోవును. ఇంతవరకు మేలే. కాని, కొయ్య మట్టిలో గలియును గదా యని దానిపై పూసిన రంగు బిడ్డ కడుపులో కలియదగినదని చెప్పుటకు వీలులేదు. కావున సోదరీమణులు పేరును నమ్ముటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలయునని మా మనవి. ఈ వస్తువు బిడ్డ నోటికి తగునా? ఇది బిడ్డ చేతికి పని కల్పించునా?

రంగులలోని సీసము

కొన్ని మెఱుపు రంగులలో సీసపు లవణములు కలిసియుండును. పసుపుపచ్చ, నారింజ, ఎఱుపు రంగులయం దీ భయము హెచ్చు. సీసము కడుపులోనికి పోయినప్పుడు పెద్దల శరీరముకంటె పసిబిడ్డల శరీరము దానిని నాలుగైదు రెట్లధికముగా పీల్చుకొనును. అది మెదడునకు కీడుచేయును. కొద్దికొద్దిగా చేరునప్పుడు జ్వరముగాని వాంతిగాని కలుగకపోవచ్చును గనుక తల్లికి తెలియదు. కొన్ని యేండ్లకు చదువునందు మాంద్యమో, మనస్సు నిలువకుండుటయో పొడసూపినను కారణము స్ఫురింపదు. ఇంతవరకు నిరపాయమని చెప్పదగిన మితి సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ప్రపంచమందలి పిల్లలలో సుమారు మువ్వురి కొకరి రక్తమున సీసము డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములుగాని అంతకు మించిగాని యున్నదని 2020లో యూనిసెఫ్ ప్రకటించిన నివేదికలో అంచనా వేసిరి. ఇందుల కంతకును బొమ్మలే కారణములు కావు. పాత బ్యాటరీలను కరగించు చోటులు, కల్తీ మసాలాలు, కొన్ని పాత్రల పూతలు కూడ కారణములు. అయినను, బొమ్మ కొనుట మన చేతిలోని పని.

మన దేశమున గృహములందు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరు 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. అంతకుముందు పూసిన రంగుల కీ కట్టుబాటు లేదు. అటకమీది పాతబొమ్మ రంగు పెచ్చులూడుచున్నచో, అది అమ్మమ్మ చేతిమీదుగా వచ్చినదైనను, బొమ్మలకొలువులో నుంచి చూపవలయునే గాని బిడ్డ చేతికీయరాదు.

14 ఏండ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనను నియమము 2021 జనవరి 1 నుండి వచ్చినది. అయితే, హస్తకళల శాఖయందు నమోదైన పనివారు చేయు బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులను ఆ హక్కుతో చేయువారి బొమ్మలకును దీనినుండి మినహాయింపు కలదు. చిన్న కుటీరములలో పనిచేయువారు పరీక్షల వ్యయమును భరింపలేరు గనుక ఇది న్యాయమే. కాని దీనివలన తల్లిపై నొక బాధ్యత పడినది. చేతిపని బొమ్మను కొనునప్పుడు, ఆ ముద్ర చేయవలసిన విచారణను మనమే చేయవలయును.

లక్కపిడతలు

మన గృహములలో తరతరములుగా బాలికల యాటకు లక్కపిడతలే మొదటి సొత్తు. బిందె, చెంబు, కుంపటి, రోలు, తిరుగలి మొదలగువానిని చిట్టిచిట్టిగా కొయ్యతో చేసి లక్కపూసినవే యివి. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక యీ పనికి పేరుపొందినది. అచటి పనివారు మెత్తని అంకుడుకఱ్ఱను లేతుపై తిప్పుచు చెక్కుదురు. చెట్టుకొమ్మలపై చిన్న పురుగులు స్రవించు జిగురే లక్క. రంగు కలిపిన లక్కబద్దను తిరుగుచున్న కొయ్యపై అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకంటుకొనును. పిదప మొగలియాకుతో రుద్ది మెఱుగుపెట్టుదురు. ఇందు బ్రష్షుతో పూయు రంగు లేదు. లక్కలో కలిసినదే రంగు. కనుక ఆ కలిపిన రంగేమి యనునదే ముఖ్యమైన ప్రశ్న.

రసాయనపు రంగులు చౌకగా దొరకుటచే పనివారు వానికి మరలుట సహజము. అట్టి కాలమున చింతలపాటి వెంకటపతిరాజుగారు ఏటికొప్పాకలో పసుపు, గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకులు మొదలగువానినుండి రంగులు తీయు పద్ధతులను పనివారిలో వ్యాపింపజేయుటకు కృషిచేసిరి. వారికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అయినను, గుర్తింపు ఊరిని, పనితనమును తెలుపునే గాని ప్రతి బొమ్మలోని రంగునకు పూచీ యీయదు. "ఈ లక్కలో కలిపిన దేమి? నోట బెట్టుకొను బిడ్డకు తగునా?" యని విక్రయించువారి నడుగుటకు సంకోచింపరాదు. చెట్టురంగులు సాధారణముగా కంటికి చల్లగా, కొంత మందముగా నుండును. కన్ను చెదరు మెఱుపు కనబడిన మఱింత గట్టిగా విచారింపవలయును. చెట్టురంగు బొమ్మకు వెల కొంత హెచ్చియుండుటయు కలదు. పది రంగుబొమ్మలకు మారు రెండు మంచిబొమ్మలు కొనిన, బిడ్డకును మేలు, శ్రమించిన పనివానికిని మేలు.

లక్కబొమ్మను వేడినీటిలో వేయరాదు. లక్క మెత్తబడి ఊడును. స్పిరిటుతోగాని, చేతులకు రాచుకొను శానిటైజరుతోగాని తుడువరాదు. అందలి ఆల్కహాలు లక్కను కరగించును. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, నీడను ఆరబెట్టిన చాలును.

చూచు బొమ్మ వేఱు, ఆడు బొమ్మ వేఱు

కొండపల్లి బొమ్మలు తెల్లపొణికికఱ్ఱతో చేయబడును. అవయవములను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, పిమ్మట రంగులు వేయుదురు. కొన్నిటికి చెట్టురంగులు, కొన్నిటికి నీటిరంగులు, కొన్నిటికి ఎనామెలు రంగులు వాడుదురు. దశావతారములు, అంబారీ యేనుగు, ఎడ్లబండి యెంత ముచ్చటగా నున్నను, అవి కొలువులో నిలిపి కథ చెప్పుటకు తగినవి; పండ్లు వచ్చుచున్న బిడ్డ కొఱుకుటకు తగినవి కావు. ఇది ఆ బొమ్మలకు తక్కువతనము కాదు. పటమును గోడకు దగిలించుదుము గాని పాపాయి చేతికీయము గదా!

చెట్టున పుట్టినవెల్ల మంచివి కావు

పెరటిలో దొరకు గింజలతో బొమ్మలు, దండలు చేయించుట యిప్పుడు పాఠశాలలయందును వాడుకయైనది. ఇందు మిక్కిలి జాగ్రత్త వలయును. వినాయకుని మట్టిబొమ్మకు కన్నులుగా పెట్టు గురివింద గింజయందు ప్రాణాంతకమైన విషము కలదు. గట్టి పెంకు చెదరనంతవరకు విషము బయటికి రాకపోవచ్చును. కాని దండకై సూదితో గ్రుచ్చినను, పంటితో నమలినను ప్రమాదము. ఆముదపు గింజలు, పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు కూడ విషములే. వీనిని పిల్లల యాటలకు దూరముగా నుంచవలయును. బిడ్డ నమిలినదని యనుమానము కలిగినచో ఇంటివైద్యము చేయుచు కాలము గడుపక, ఆ గింజను వెంటగొని వెంటనే ఆసుపత్రికి పోవలయును.

విషము లేని చింతగింజయు, గవ్వయు 3 ఏండ్లు నిండని బిడ్డకు గొంతున నడ్డుపడవచ్చును. సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న గొట్టములో ఇమిడిపోవు వస్తువు ఆ వయస్సు వారికి తగదని బొమ్మల పరీక్షలయందలి లెక్క. చిట్టి లక్కపిడత మూతకును ఈ లెక్కయే వర్తించును.

చేతికి పని

ఇంక రెండవ ప్రశ్న. మీట నొక్కగానే పాడి, పరుగెత్తి, కన్నులార్పు బొమ్మ బిడ్డను ప్రేక్షకునిగా కూర్చుండబెట్టును. ఖాళీ పిడత యట్లు కాదు. అందులో ఒకనాడు అన్నము, ఒకనాడు పాయసము, మఱొకనాడు కషాయము ఉడుకును. బొమ్మలో లేనిదానిని బిడ్డ తన బుద్ధితో నింపుకొనును. గుజ్జనగూళ్లాడు బాలిక నలుగురికి వడ్డించుచు లెక్కయు, మాటయు, మర్యాదయు నేర్చుకొనును. మగపిల్లలును పిడతలతో వండి వడ్డించిన నిప్పుడు నష్టము లేదు. మున్ముందు లాభమే కలదు.

వ్యయము లేని యాటవస్తువులు మనకు కొల్లలు. వేసవిలో ముంజలు తినగా మిగిలిన రెండు కాయలను ఒక పుల్లకిరువైపుల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో నెట్టిన బండి సిద్ధము. ఐదాఱేండ్ల వారికి దానికి మించిన వాహనము లేదు. కాయలు వాడిన పిదప పెరటిలో వేసిన మట్టియగును. కొబ్బరాకు రేకును చుట్టిన బూర, మడిచిన గాలిమర. కత్తిపని పెద్దలు చేసి, పుల్లల మొనలను విఱిచి, మడుపు పని పిల్లలకు విడువవలయును. చింతగింజలతో, వరుసకు ఏడేసి గుంటలుగా రెండు వరుసల వామనగుంటలాడు పిల్లవానికి కూడికలు వేఱుగా చెప్పనక్కరలేదు.

తాడిచెట్టు, కొబ్బరిచెట్టు లేని పట్టణపు గృహములలో వంటయిల్లే చాలును. రెండేండ్ల బిడ్డకు ఉప్పులేని చపాతీ పిండిముద్ద నిచ్చిన, నొక్కి, సాగదీసి, పామును, పక్షిని చేయును. నాలుగేండ్లు దాటినవారికి ఒక చిన్న వినోదము చెప్పెదము. తెల్లకాగితమునకు పసుపునీరు పూసి ఆరబెట్టవలయును. వంటసోడా కలిపిన నీటిలో పుల్లకు చుట్టిన దూదిని ముంచి దానిపై గీసిన ఎఱ్ఱని గీతలు వచ్చును. నిమ్మరసము తాకించిన అవి మరల పచ్చబడును. పారాణిలో పసుపు సున్నముతో ఎఱ్ఱబడుటయు నిదియే. కాని సున్నము కంటబడిన ప్రమాదము గనుక దానిని పిల్లలకీయరాదు. పసుపుకొమ్ములకు రంగు హెచ్చుటకై సీసపు క్రోమేటు కలిపిన సంగతులు మన దేశమునందును, బంగ్లాదేశమునందును బయటపడినవి. కావున ఆటకైనను, కూరకైనను మితిమీరిన మెఱుపుగల పసుపును కొనకుండుట మేలు.

ఈ నెల సోదరీమణులు తమ యింటి బొమ్మలపెట్టెను ఒకమాఱు క్రిందికి దింపి చూడవలయునని కోరుచున్నాము. రంగు రాలునవి యొకవైపు, చిన్న తునుకలు గలవి యొకవైపు, నిర్భయముగా నోట బెట్టుకొనదగినవి యొకవైపు వేఱుచేసిన అరగంటలో పని తీరును. తమ ప్రాంతములయందు ఆకులతో, మట్టితో, గుడ్డపీలికలతో పిల్లలు చేసికొను యాటవస్తువులను గూర్చి వ్రాసి పంపినచో ఇతర సోదరీమణులకును ఉపకరించును.