వేరుశనగ పండే సీమలో పామాయిల్ పొట్లాలు
ఇంటి తిండికి అడ్డు సోమరితనం కాదు, తీరిక లేకపోవడమే

అనంతపురం: పొద్దున ఏడు గంటలకే కూలీల ఆటో వీధిలోకి వచ్చి నిలుస్తుంది. అప్పటికి అన్నం, పప్పు దించి, సద్దిమూట కట్టుకున్న తల్లికి మిగిలేది అయిదు నిమిషాలు. బడికి పోవలసిన పిల్లవాని చేతిలో అయిదు రూపాయల బిళ్ల పెట్టి ఆమె ఆటో ఎక్కుతుంది. ఆ బిళ్ల కాస్తా అంగడిలో చిప్స్ పొట్లంగానో, క్రీము బిస్కట్లుగానో మారుతుంది. జిల్లాలోని పల్లెల్లో ఇదిప్పుడు వింతగా చెప్పుకొనే సంగతి కాదు.

ఇలాంటి చిల్లర ఖర్చులన్నీ కలిపితే ఎంతవుతుందో 2022-23లో కేంద్ర ప్రభుత్వం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే తెలియజేస్తున్నది. దేశంలో పల్లెవాసి నెల ఖర్చులో పానీయాలు, ఫలహారాలు, తయారైన తినుబండారాల వాటా 9.62 శాతం. పాలకు 8.33, కూరగాయలకు 5.38, తిండిగింజలకు 4.91 శాతం పోతున్నది. హోటల్ టీ, టిఫిన్లు కూడా మొదటి లెక్కలోనే ఉన్నాయి. చౌకడిపోలో ఉచితంగా ఇచ్చే బియ్యం విలువ చివరి లెక్కలో లేదు. కనుక పల్లెజనం అన్నం మాని పొట్లాలు తింటున్నారని అనరాదు. కాని చేతి నుంచి రొక్కంగా పోయే డబ్బు ఎటు మళ్లుతున్నదో మాత్రం అర్థమవుతున్నది.

సంగటి నుంచి పొట్లం దాకా

ఒకప్పుడు ఈ మెట్టసీమలో కొర్ర, సజ్జ, జొన్న, రాగి పండించి అవే తినేవారు. తరువాత నాలుగు డబ్బులు తెచ్చే పంటగా వేరుశనగ చేలను ఆక్రమించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన పిదప వరి అన్నం పేదవాని ఇంటికీ చేరింది. దానివల్ల ఆకలి తీరిన మాట నిజం. తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే సంగటి, అంబలి, జొన్నరొట్టె వెనుకబడ్డాయి. రాత్రి మిగిలిన సంగటిని పొద్దున మజ్జిగలో పిసికి తాగే అలవాటు పోయిన ఇళ్లలో ఆ ఖాళీని పొట్లం నింపుతున్నది.

ఏది ఫ్యాక్టరీ తిండి?

మిల్లులో ఆడించిన పిండి, బట్టీలో వేయించిన బొరుగులు, గానుగ నూనె కూడా తయారైనవే గదా అని కొందరికి సందేహం రావచ్చు. తిండిని అది తయారయ్యే తీరును బట్టి వర్గీకరించాలని 2009లో బ్రెజిల్ ఆచార్యుడు కార్లోస్ మోంటీరో ప్రతిపాదించారు. ఆ పద్ధతి ప్రకారం పిండి, బియ్యం వంటివి ఒక తరగతి. నూనె, ఉప్పు, బెల్లం మరొకటి. ఉప్పు, నూనె కలిపి నిలవ చేసుకునే ఊరగాయ వంటివి మూడవది. చివరి తరగతిది వేరే దారి. పిండిపదార్థం, చౌక నూనె, చక్కెరలకు రంగులు, వాసనలు, నిలవ మందులు చేర్చి ఫ్యాక్టరీలో చేసేవి ఇవి. మన వంటింట్లో ఎన్నడూ ఉండని దినుసు పొట్లం మీద కనిపిస్తే అది ఈ తరగతిదని గుర్తించవచ్చు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 20 మందిని తన పర్యవేక్షణలో ఉంచి జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. రెండింటిలోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు సమానంగానే వడ్డించినా, ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు. సుమారు కిలో బరువు పెరిగారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాలలో ఈ తరహా తిండిని బాగా తగ్గించుకోవలసిందని సలహా ఇచ్చింది.

రైతుకే నష్టం

అయిదు రూపాయల చిప్స్ పొట్లం తూకం 20 గ్రాములు దాటడం అరుదు. ఆ లెక్కన కిలో 250 రూపాయల పైమాటే. కిలో వేరుశనగ పప్పు అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. పైగా చాలా పొట్లాల్లో వాడేది ఇండోనేసియా, మలేసియాల నుంచి దిగుమతయ్యే పామాయిల్. గిట్టుబాటు ధర రాలేదని వాపోయే వేరుశనగ రైతు బిడ్డే ఆ నూనెలో వేగిన తిండిని వేరుశనగ కన్నా హెచ్చు ధరకు కొంటున్నాడు.

పొట్లం మీద దినుసుల పట్టిక ఉంటుంది. ఏది ఎక్కువగా కలిస్తే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. కాని ఆ పట్టిక ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటే చాలు. తెలుగులో ఉండాలన్న నిర్బంధం లేదు. పల్లెలో ఎందరు తల్లులు దాన్ని చదవగలరు?

భారం ఎవరిమీద?

ఇంట్లోనే వండిపెట్టండని చెప్పడం సులభం. 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవారు వాటికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవారిలో ఇంటి పని ముట్టుకొనేవారు నూటికి 26 మందే. వారు వెచ్చించేది 97 నిమిషాలు. చేనిపని, ఇంటిపని రెండూ మోసే ఆడమనిషి నెత్తిన మరో గంట వంట పెడితే ఆ సలహా నిలవదు.

కనుక తక్కువ సమయంలో అయ్యేవాటినే చూసుకోవాలి. ఈ సీమలో అటువంటి తిండి ముందునుంచీ ఉన్నది. బొరుగులు తడిపి పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపుతో తిరగవాత వేసి, పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండితే ఉగ్గాని సిద్ధం. అరగంట కూడా పట్టదు. పప్పుల పొడి, వేరుశనగ పొడి ఒకసారి దంచుకుంటే పది రోజులు వస్తాయి. వేరుశనగ, బెల్లం ఉండలు ఒక ఆదివారం చుడితే వారమంతా బడిసంచిలో వేయవచ్చు. అలసందలు రాత్రి నానబెడితే పొద్దున గుగ్గిళ్లవుతాయి. ఉల్లి తరగడం, బొరుగులు పిండడం, వేరుశనగ వలవడం మగవారికీ, ఎదిగిన పిల్లలకూ చేతగాని పనులు కావు.

ఇంట్లో చేసినవన్నీ మంచివనుకోవడమూ పొరపాటే. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదని వైద్యుల మాట. రోజూ ఊరగాయ, ఉగ్గానితో రోజూ బజ్జీ అయితే ఇంటి తిండి వల్లా చేటే.

చేయవలసినవి

ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మరాదని కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నిబంధన చేసింది. బడి గేటు పక్కనే పొట్లాల దండలు వేలాడుతున్న ఊళ్లలో పాఠశాల కమిటీలు ఈ నిబంధన అమలుకు పట్టుబట్టవలసి ఉన్నది. బంకు నడిపేవాడు కూడా ఊరివాడే. పొట్లాలకు బదులు గుగ్గిళ్లు, బొరుగులు, వేరుశనగ ఉండలు అమ్మితే అతని బేరం చెడదు.

రైతులు కూడా కాయలన్నీ ఒకేసారి అమ్మివేయక ఒక మూట ఇంటి వాడకానికి ఉంచుకోవడం మంచిది. పిల్లల పొద్దుటి తిండికి ఆ మూట చాలాకాలం అక్కరకు వస్తుంది.