కంచెకు కాపలా ఎవరు?

కంచె చేను మేసినచో కాపునకు దిక్కెవ్వరు? పత్తికి, మిరపకు పేరుపొందిన గుంటూరు సీమలో ఈ సామెతకు అర్థము చెప్పనక్కరలేదు. కంచెను మార్చిన చాలునా, దానికి కాపలా కూడ కావలెనా అన్నదే ప్రశ్న.

మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్నారని ఫిర్యాదులు రాగా 1854లో ఒక విచారణ సంఘము ఏర్పడినది. గుంటూరు నాడు ఆ రాజధానిలోనిదే. హింస నిజమేనని 1855 నాటి నివేదిక తేల్చినది. వ్రేళ్లను కిట్టీలో బిగించుట, మనిషిని వంచి త్రాటితో కట్టి ఎండలో నిలుపుట అందు వర్ణింపబడినవి. శిస్తు అడుగు చేతికే పోలీసు అధికారముండుట రోగమూలమైనది. 1859 చట్టము ఆ రెంటిని విడదీసినది.

విడదీసిన పోలీసు ఎవరికి జవాబుదారి? ప్రభుత్వమునకే గాని ప్రజలకు కాదు. కనుకనే 1922లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పన్ను నిరాకరించినప్పుడు, వారిని లొంగదీయుటకు ఆ పోలీసు బలగమే వచ్చినది.

జీతములు పెంచి, చెడ్డవారిని తొలగించిన చాలునని కొందరందురు. సోవియట్ యూనియన్ నుండి విడివడిన జార్జియా అట్లే చేసినది. 2003 విప్లవము తరువాత ట్రాఫిక్ పోలీసులను వేలాదిగా తొలగించి, మంచి జీతములపై క్రొత్తవారిని తీసుకొన్నది. రహదారిపై లంచము దాదాపు మాయమైనది, లోకము మెచ్చుకొన్నది. కాని 2012 సెప్టెంబరులో జైలులోని హింసాదృశ్యములు బయటపడినవి. మరుసటి నెల ఎన్నికలలో పాలకపక్షము ఓడిపోయినది. లంచము పోయినను లాఠీ పోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1961 నుండి అవినీతి నిరోధక శాఖ ఉన్నది. లంచము పట్టిన చేతిని అది పట్టుకొనగలదు. కొట్టిన చేతిని పట్టుట దాని పని కాదు. ఈ లోటు తీర్చుటకే 2006లో ప్రకాశ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ఏడు ఆదేశములిచ్చినది. స్టేషను అధికారికి కనీసము రెండేండ్ల స్థిరత్వము, శాంతిభద్రతల నుండి నేరపరిశోధనను వేరు చేయుట, రాష్ట్రమునను జిల్లాలోను ఫిర్యాదుల విచారణాధికార సంస్థ వానిలోనివి. రాత్రికి రాత్రి బదిలీ కాగల అధికారి అన్యాయమైన ఆజ్ఞను కాదనగలడా? విచారించువాడు లేనిచో దెబ్బ తిన్నవాడు ఎవరికి చెప్పుకొనును?

పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు విద్యార్థుల ముందుంచవలసిన ప్రశ్నలివి. ఫిర్యాదు కాగితముతో పాటు నోటు గాని, గుండెలో భయము గాని లేకుండ మిరపరైతు స్టేషను మెట్లెక్కగలిగిన నాడే సంస్కరణ జరిగినదనవలెను. అంతవరకు జరిగినది కంచె మార్చుటయే.