నిలదీయడానికి ఒక మనిషి ఉండాలిగా!

పందెం అనగానే మీకు సంక్రాంతి కోళ్ళు గుర్తొస్తాయేమో. నాకు కుక్కలు గుర్తొస్తాయి. నవ్వకండి. 1984 నుంచి ఎనిమిదేళ్ళు మేం లండన్‌కి తూర్పు వైపు వాల్థమ్‌స్టో అనే పేటలో కాపురమున్నాం. మావారు ఆసుపత్రిలో డాక్టరు, నేను ఇద్దరు చంటిపిల్లలతో ఇంట్లో. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో కుక్కల పందాల స్టేడియం ఉండేది. వారానికి మూడు రాత్రులు దాని ముఖద్వారం మీద నియాన్ దీపాలు వెలిగేవి. బస్సులు దిగి జనం తిరణాలకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ కుక్కలూ, ఆ పందెం బుకీలూ ఎందుకు గుర్తొస్తున్నారంటే, మా పిన్ని కూతురింట్లో జరిగిన గొడవ వల్ల. అది తర్వాత చెబుతాను. ముందు ఆ స్టేడియం సంగతి చెప్పకపోతే నేననేది మీకు అర్థం కాదు.

కరెంటుతో పట్టాల మీద పరుగెత్తే ఉత్తుత్తి కుందేలు ఒకటి. దాని వెనక ఆరు కుక్కలు. ఒకటో నెంబరుకి ఎర్ర చొక్కా, రెండోదానికి నీలం, మూడుకి తెలుపు, నాలుగుకి నలుపు, ఐదుకి నారింజ, ఆరుకి నలుపు తెలుపు చారలు. అరనిమిషంలో పందెం అయిపోతుంది. అంతే! ఇంగ్లండులో ఈ ఆట 1926 లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో మొదలైంది. మా పేట స్టేడియం 1933 లో కట్టారు. కట్టించిన విలియం చాండ్లర్ స్వయానా బుకీయే. దాన్ని ప్రారంభించిందెవరో తెలుసా? అంతకు మూడేళ్ళ ముందు ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా విమానం నడుపుకుంటూ వెళ్ళిన ఏమీ జాన్సన్. ఆ మహాతల్లిని కుక్కల పందాలకి రిబ్బను కత్తిరించడానికి పిలిచారన్నమాట!

మా పక్కింటాయన అక్కడ ఒక బుకీ దగ్గర లెక్కలు రాసే గుమాస్తా. పగలు వేరే ఉద్యోగం, రాత్రిళ్ళు ఇది. పక్కింటావిడ నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది. నన్ను ఒకటి రెండు సార్లు శనివారం రాత్రి తీసుకెళ్ళింది. అలా చూశాను ఆ బుకీలని.

మెట్ల కింద, ట్రాకు పక్కనే, వరసగా పెట్టెల మీద నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరి పక్కనా నల్ల పలక. దాని మీద ఆరు కుక్కల ధరలు సుద్దముక్కతో రాసి ఉంటాయి. బుకీ అరుస్తూ అరుస్తూ తడిగుడ్డతో ఒక అంకె చెరిపి ఇంకో అంకె వేస్తాడు. ముందు తోలు సంచీ వేలాడుతుంటుంది, దాని మీద అతని పేరు ఇంతింత అక్షరాలతో. డబ్బు సంచీలో పడేసి, నెంబరు వేసిన రంగు అట్టముక్క చేతిలో పెడతాడు. వెనకాల మా పక్కింటాయన లాంటి వాడు పెద్ద పుస్తకంలో గబగబా రాసుకుంటాడు. కొంచెం అవతల తెల్ల గ్లోవ్స్ తొడుక్కున్న ఒకాయన చేతులు ముక్కుకీ చెవికీ భుజానికీ తాకిస్తూ భరతనాట్యం చేస్తున్నట్టు ఊపేస్తుంటాడు. అతన్ని టిక్‌టాక్ మనిషి అంటారు. ఏ బుకీ దగ్గర ధర ఎంతుందో దూరంగా ఉన్న వాళ్ళకి సైగలతో చెప్పడం అతని పని. నాకు కుక్కలకంటే అతన్నే చూడబుద్ధయ్యేది.

బుకీ ఎలా బతుకుతాడు? ఈ ప్రశ్న ఒకసారి పక్కింటాయన్నే అడిగాను. ఆయన వంటింటి బల్ల మీద ఆరు చెంచాలు పేర్చి చెప్పాడు. ఆరు కుక్కలూ సమానమే అనుకో. న్యాయంగా అయితే పౌను కాసిన వాడికి ఐదు పౌన్లు లాభం ఇవ్వాలి. బుకీ నాలుగే ఇస్తానంటాడు. ఒక్కో కుక్క మీద పది పౌన్లు వచ్చాయనుకో, మొత్తం అరవై. ఏ కుక్క గెలిచినా లాభం నలభై, కాసిన పది, కలిపి యాభై ఇచ్చేస్తాడు. పది సంచీలో ఉండిపోతుంది. నిజానికి డబ్బు అలా సమానంగా రాదు, ఒక కుక్క మీదే కుప్పగా పడుతుంది. అందుకే ధర చెరిపి తగ్గించడం, మరీ ఎక్కువైతే ఆ భారం కొంత పక్క బుకీ నెత్తిన పెట్టడం. చెంచాలు తీసేసి ఆయనన్నాడు, 'ఇరవయ్యేళ్ళుగా ఈ పుస్తకం రాస్తున్నా. ఒక్క పౌను కాయలేదు.' మిగిలింది మీరే ఊహించుకోండి.

కాబట్టి ఆ బుకీలు మంచివాళ్ళని నేనడం లేదు. వాళ్ళు ధర్మానికి నిలబడలేదు, వ్యాపారానికి నిలబడ్డారు. కానీ నిలబడ్డారు. నేను చెప్పదలుచుకున్నది ఆ మాట గురించే.

ఇంగ్లండులో 1845 నాటి చట్టం ఒకటుండేది. పందెం బాకీ కోర్టుకెక్కదు. గెలిచినవాడికి బుకీ డబ్బివ్వకపోతే దావా వేయడానికి లేదు. 2005 లో చేసిన కొత్త చట్టం 2007 లో అమల్లోకి వచ్చేదాకా అంతే. అయినా బుకీ ఎందుకిచ్చేవాడు? గురువారం మళ్ళీ అదే పెట్టె మీద, అదే పేరున్న సంచీతో, అదే జనం ముందు నిలబడాలి కాబట్టి. అతని ఆస్తంతా అతని ముఖమూ, పేరూనే.

ఆ ముఖం ఉండటం వల్ల ఒక ఆడమనిషికి ఏం జరిగిందో చెబుతాను.

మా ఎదురు వరసలో ఒక బస్సు డ్రైవరు కుటుంబం ఉండేది. ముగ్గురు పిల్లలు. ఆయనకి జీతం వారానికోసారి చేతికొచ్చేది. గురువారం జీతం, గురువారమే పందాలు. శుక్రవారం పొద్దున ఆవిడ పక్కింటావిడ దగ్గర పాల డబ్బులు బదులడిగేది. అందరూ ఆవిణ్ణే అనేవాళ్ళు. 'మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకోలేదా?' అని. తెల్లవాళ్ళయితేనేం, ఆ మాట అచ్చం మన వీధిలో అన్నట్టే ఉండేది.

ఒక శనివారం ఆవిడ చిన్నపిల్లని చంకనేసుకుని టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళింది. మొగుడి దగ్గరికి కాదు. తిన్నగా బుకీ పెట్టె ముందుకెళ్ళి నిలబడింది. గొంతు పెంచలేదట. 'ఆయన ఇచ్చే నోట్లు మా పిల్లల బూట్లు. తీసుకోకు' అంది. చుట్టూ వందమంది మగవాళ్ళు. పక్కింటాయన పుస్తకం రాస్తూ అంతా విన్నాడు. బుకీ ఏమీ మాట్లాడలేదు గానీ, తర్వాతి గురువారం డ్రైవరు చేయి చాపితే నోటు వెనక్కిచ్చేశాడట.

కథ ఇక్కడితో ఆపితే బావుణ్ణు. కానీ వరసలో ఇంకా చాలామంది బుకీలున్నారుగా! ఆయన పక్కవాడి దగ్గరికెళ్ళాడు. మా పక్కింటాయన పూనుకుని ఒక్కొక్కరికీ చెప్పాడు. కొందరు విన్నారు, ఇద్దరు వినలేదు. అదీ కాక హైస్ట్రీట్‌లో బెట్టింగు షాపులు ఉండనే ఉన్నాయి. 1961 నుంచే అవి చట్టబద్ధం. ఆయన మానలేదు, తగ్గాడు. అంతే. కానీ ఆవిడ పాల డబ్బులు అడగడం ఆగిపోయింది. ఆవిడకి కొన్ని సంగతులు తెలుసు: ఏ రాత్రి, ఏ గేటు, ఏ మనిషి. చివరి పందెం అయిపోయాక దీపాలు ఆర్పేస్తారనీ, బుధవారం ఆ గేటుకి తాళం ఉంటుందనీ తెలుసు. ఆ తెలియడమే ఆవిడకున్న బలం.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి. రాజమండ్రిలో ఉంటుంది. కొడుకు ఇంజినీరింగు మూడో సంవత్సరం. బుద్ధిమంతుడు, బయటికే వెళ్ళడు, ఎప్పుడూ గదిలోనే ఉంటాడని మురిసిపోయేది. ఆ గదిలోనే ఫోనులో క్రికెట్ మీద పందాలు కాశాడు. మొదట వందలు, తర్వాత వేలు. ఫీజు కట్టమని ఇచ్చిన డబ్బు పోయింది. అది పూడ్చడానికి ఫోనులోనే అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. అప్పులవాళ్ళు బంధువులందరికీ ఫోన్లు చేయడం మొదలెట్టాకే తల్లికి తెలిసింది. రెండు పేటల గొలుసు తాకట్టులోకి వెళ్ళింది. ఇంట్లో అందరూ అన్నదేమిటి? 'నువ్వే గారాబం చేశావు. పక్క గదిలో ఉండి కనిపెట్టలేకపోయావా?'

ఎలా కనిపెడుతుందండీ? ఏ గేటు దగ్గర నిలబడుతుంది? డబ్బు చేతులు మారలేదు, చప్పుడు లేదు, వాసన లేదు. అర్ధరాత్రి మ్యాచ్ అయిపోతే ఇంకో దేశంలో ఇంకో మ్యాచ్ మొదలవుతుంది. చివరి పందెం అనేదే లేదు. పైగా ఆ ఫోను ఊరుకుంటుందా? నాలుగు రోజులు ఆడకపోతే రమ్మని మెసేజి పంపుతుంది, ఐదొందలు ఉచితమంటుంది. వాల్థమ్‌స్టోలో ఏ బుకీ ఇంటికొచ్చి తలుపు కొట్టలేదు!

చట్టాలు లేవా అంటారేమో. ఉన్నాయి. తెలంగాణ 2017 లో, ఆంధ్రప్రదేశ్ 2020 లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే, కాదనను. కానీ ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని నడిపేవాడికి మన చట్టం చదివి వినిపించేదెవరు? ఒక పేరు మూసేస్తే మర్నాటికి ఇంకో పేరుతో తెరుస్తారు.

'అయితే ఆ పాత కాలమే మేలా? బుకీలని మళ్ళీ పెట్టెలెక్కించమంటావా?' అని మావారు వెక్కిరించారు. అక్కర్లేదు. ఆ ఆటకి నా సానుభూతి లేదు. చెంచాల లెక్క ఎప్పటికీ చెంచాల లెక్కే. కుక్కల గోడు వేరే. పరుగు తగ్గిన కుక్కలేమవుతున్నాయని అక్కడెవరూ గట్టిగా అడిగేవారు కాదు. 2006 లో ఇంగ్లండు ఉత్తరాన సీహామ్ అనే ఊళ్ళో ఒక వ్యక్తి పదిహేనేళ్ళుగా అలాంటి కుక్కల్ని వేలల్లో చంపి పొలంలో పాతిపెట్టాడని సండే టైమ్స్ పత్రిక బయటపెట్టింది. చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పక్కింటావిడ దగ్గర అలా పందాలు మానేసిన ఆడకుక్క ఒకటుండేది. అరనిమిషంలో మెరుపులా పరుగెత్తే ఆ జాతి, ఇంట్లో రోజంతా సోఫా మీద నిద్రపోతుందంటే నమ్ముతారా? మా పెద్దమ్మాయి దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకునేది.

వాల్థమ్‌స్టో స్టేడియం 2008 ఆగస్టు 16 న మూతపడింది. ముఖద్వారం ఉంచి వెనకాల ఇళ్ళు కట్టేశారు. వింబుల్డన్‌లోది 2017 లో, క్రేఫర్డ్‌లోది 2025 జనవరిలో పోయాయి. వేల్స్ ప్రభుత్వం ఈ పందాలనే నిషేధిస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. పోతే పోనీండి. కానీ పందెం పోలేదు. మైదానంలోంచి జేబులోకి వచ్చింది. వచ్చేటప్పుడు గేటునీ, గడియారాన్నీ, బుకీ ముఖాన్నీ బయటే వదిలేసి వచ్చింది.

నన్నడిగితే, మనం ముందు మానాల్సింది తల్లినో భార్యనో 'నీకెలా తెలియలేదు' అని నిలదీయడం. రెండోది, తెలుసుకునే వీలు ఆమెకి కల్పించడం. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు బ్యాంకు ఖాతా లెక్కలు చూస్తున్నారు చెప్పండి? కూరగాయల లెక్క పైసాతో సహా మనదే. జీతమెంత, ఎటు పోతోంది అంటే 'ఆయనకి తెలుసు', 'అబ్బాయికి తెలుసు'. పాస్‌బుక్ వేయించుకోండి. ఫీజు తిన్నగా కాలేజీకి కట్టండి. ఖాతాలోంచి డబ్బు కదిలితే వచ్చే మెసేజి మీ ఫోనుకి కూడా వచ్చేలా పెట్టించుకోండి. అనుమానం కాదు ఇది. బస్సు డ్రైవరు భార్యకి గేటు కనిపించినట్టు మనకీ ఏదో ఒకటి కనిపించాలి కదా!

మా చెల్లెలు ఊరుకోలేదు. మూడు నెలల బ్యాంకు లెక్కల కాగితాలు తీయించి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిలుతో ఒక్కొక్క గీతా గీసింది. ఆ డబ్బంతా కంపెనీ పేరున పోలేదు, ఎవరెవరో మనుషుల పేర్లకి పోయింది. ఆ కాగితాలు పట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళింది. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పడిన ఖాతాదారు ఎవరో కనుక్కోమని పట్టుబట్టింది. 'వాడి ముఖం ఒక్కసారి చూడాలక్కా' అంది నాతో.

పది రోజులకి కనుక్కున్నారు. వాడు కాదు, ఆమె. పక్క జిల్లాలో ఇళ్ళల్లో పనిచేసుకునే మనిషి. ఎవరో నెలకి రెండు వేలిస్తామని చెప్పి ఆమె ఆధార్ కార్డుతో ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు తీసుకుపోయారట. ఆ ఖాతాలో ఎంత పడిందో, ఎటు పోయిందో ఆమెకీ తెలియదు.