పొయ్యి దగ్గర ఉన్నవారికీ పాట వినిపించాలి



మన పల్నాడులో చలికాలమంటే పాటల కాలం. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలై ఐదు రోజులు జరుగుతాయి. డిసెంబరు రాగానే సంఘాలలో క్యారల్స్. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల మాత ఉత్సవాలు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ, అక్కడ ఎత్తయిన విద్యుత్ ప్రభల ముందు తెల్లవార్లూ పాటలే. ఏ మతంవారి పండుగ అయినా మన ఊళ్ళ పిల్లలు స్నేహితులతో కలిసి బయలుదేరేది నలుగురిలో తిరగటానికి, పాట వినటానికి.

వీరిలో కొందరు ఊరికే చూసి రారు. మంచినీళ్ళు అందిస్తారు, క్యూలు సరిచేస్తారు, తప్పిపోయిన పిల్లలను మైకు దగ్గరకు చేరుస్తారు, ప్రథమ చికిత్స శిబిరంలో కూర్చుంటారు. "సెలవు రోజున కూడా ఈ చాకిరీ ఏమిటి?" అని ఇంట్లో పెద్దలు విసుక్కుంటారు. మా అభిప్రాయం వేరు. పొద్దస్తమానం టీవీ ముందు, సెల్‌ఫోను ముందు పడుకున్నవారికి మరునాడు ఒళ్ళు బరువుగానే ఉంటుంది. నలుగురు స్నేహితులతో కలిసి రెండు గంటలు నీళ్ళు పంచి, తరువాత కూర్చుని పాట విన్న పిల్లవాడు అలసిపోయినా ముఖంలో కళ ఉంటుంది. కాలేజీలలో 1969 నుండి ఎన్.ఎస్.ఎస్. నడుస్తున్నది. అందులో తిరిగిన పిల్లలను అడిగి చూడండి. చదివిన పాఠాలు మరచిపోయి ఉంటారు గాని, క్యాంపులో కలిసి పనిచేసిన స్నేహితులను మరచిపోరు.

అయితే దీనికి ఒక షరతు ఉన్నది. సేవ చేసినవారికి పాట వినే వంతు కూడా రావాలి. రాకపోతే అది సేవా కాదు, సెలవూ కాదు.

ఎందుకు చెబుతున్నామంటే, పండుగలు అయిన మరునాడు మా ఓ.పి.కి వచ్చేవారిలో నడుము నొప్పి, కాళ్ళ వాపు, గంజి వార్చేటప్పుడు చేతులు కాలటం, రెండు రోజులుగా బి.పి. మాత్ర వేసుకోకపోవటం వంటివి చెప్పుకునేవారు ఎక్కువగా స్త్రీలే. "పండుగ బాగా జరిగిందా అమ్మా?" అని అడిగితే, "నాకేం తెలుసు సిస్టరమ్మా, నేను పొయ్యి కాడనే ఉంటిని గదా" అంటారు. ప్రేమ విందుకు తెల్లవారుజామున బియ్యం కడిగింది వారే, చివరి గిన్నె తోమిందీ వారే. ఆరాధనలో పాటలు వారికి గోడ అవతలి నుండి వినబడ్డాయి. మగవారికి అది పండుగ, వీరికి మామూలు రోజు కంటే బరువైన రోజు. కూతుళ్ళ సంగతీ ఇంతే. మగపిల్లవాడు స్నేహితులతో తిరునాళ్ళకు పోతే ఎవరూ అడగరు. ఆడపిల్ల వెళతానంటే వంద ప్రశ్నలు. సేవాదళంతో, తెలిసిన టీచరమ్మతో కలిసి వెళ్ళటం ఆ పిల్లకు దొరికే మంచి దారి. దానిని కూడా మూసివేయకండి.

ఈ బాధ పాతదే. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సొమ్ముతో కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ గారు. అయినా అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనిచ్చేవారు కారు. ఆమె 1927లో స్త్రీలను కూడగట్టి వేరుగా పాడించారు. 1940ల నాటికి గాని అందరూ కలిసి పాడే రోజు రాలేదు. కట్టటానికి అక్కరకు వచ్చిన చేయి పాడటానికి పనికిరాకపోవటమేమిటో మాకైతే అర్థం కాదు. మన బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని గొప్పగా చెప్పుకుంటాము. వడ్డించినవారు కూడా అదే చాప మీద కూర్చుని తింటేనే గదా అది చాపకూడు!

ఆసుపత్రిలో మాకు మూడు షిఫ్టులు. రిలీవర్ వచ్చేదాకా నర్సు వార్డు వదలదు. రిలీవర్ తప్పక వస్తుందన్న ధైర్యం ఉంటేనే చేసే పనిలో మనసు నిలుస్తుంది. సంఘ కమిటీలవారు పండుగ పనులకు కూడా ఇలాగే వంతులు వ్రాసి గోడకు అంటించాలని మా మనవి. రెండు గంటలకు మించి ఎవరినీ ఒకే పనిలో ఉంచవద్దు. యవ్వనస్థులైన మగపిల్లలను పొయ్యి దగ్గరకు, గిన్నెల దగ్గరకు పంపండి. వారు అన్నం మాడ్చితే ఒక ఏడు మాడిన అన్నమే తిందాము. పాటలు మొదలయ్యే వేళకు వంటవారు చేతులు కడుక్కుని ముందు వరుసలో కూర్చోవాలి. బి.పి., షుగరు ఉన్నవారు ముందు భోజనం చేసి, మాత్ర వేసుకుని, ఆ తరువాతే పనికి రావాలి.

తిరునాళ్ళకు వెళ్ళే సేవాదళం పిల్లలకు ఒక మాట. మీరు ఎక్కువసేపు నిలబడేది సౌండు బాక్సుల పక్కనే. సంగీత కార్యక్రమాలలో శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన ప్రభల దగ్గర దానిని కొలిచేవారు ఎవరు? చెవిలో రింగుమన్నదంటే దూరంగా జరగండి, అక్కడి డ్యూటీ మార్చుకోండి. నీళ్ళు పంచేవారు తాము తాగటం మరచిపోతారు, అది కూడా చూసుకోండి.

ఇక మన ఆసుపత్రికి క్యారల్స్ తెచ్చేవారి సంగతి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగు గురించి వ్రాసిన పుస్తకంలో సంగీతాన్ని కూడా విడిచిపెట్టలేదు. మనిషి గొంతు, పిల్లనగ్రోవి, తీగల వాద్యం వంటి సాగే నాదం రోగికి మేలు చేస్తుందని, పియానోలాగా తెగి తెగి వచ్చే శబ్దం అలా చేయదని ఆమె గమనించింది. మన డ్రమ్ములు ఆమె వినలేదు గనుక సరిపోయింది! 2000 సంవత్సరపు శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. కనుక డ్రమ్ములు, మైకులు గేటు బయటనే ఉంచి గొంతులతో రండి. రాత్రి 8 గంటలలోపు రండి, ఆపరేషను వార్డు తలుపు దగ్గర నెమ్మదిగా పాడండి. డ్యూటీలో ఉన్న మా సిస్టర్లను కూడా ఒక పాట మీతో కలిసి పాడనివ్వండి. ఆ కాసేపు సెలైన్ సీసాలు మేము చూసుకుంటాము.