జబ్బు ఎలా వచ్చిందని అడగని వాకిలి

మన ప్రాంతంలో మిషన్ ఆసుపత్రి అన్న మాటకు ఒక గౌరవం ఉంది. ఆ మతంతో ఏ సంబంధమూ లేనివారు కూడా "అక్కడైతే మనిషిని మనిషిగా చూస్తారు" అని దూరాభారాలకోర్చి వెళ్ళిన సంగతి పెద్దలనడిగితే చెబుతారు. ఆ నమ్మకానికి గట్టి పరీక్ష పెట్టిన జబ్బు హెచ్.ఐ.వి.

ఈ కథలో మతసంస్థల ఆసుపత్రులు మొదటినుంచీ ఉన్నాయి. 1986లో మదరాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తనమూనాలను పరీక్షించింది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే. మన దేశంలో ఈ వైరస్ జాడ తొలిసారి తెలిసింది అలాగే. అయితే జాడ కనుక్కోవడం ఒకటి, జబ్బుపడ్డవారిని అక్కున చేర్చుకోవడం మరొకటి. ఈ రెండో పనికి నాకు ఆదర్శంగా కనిపించేది జాంబియా దక్షిణ ప్రాంతంలోని చికన్‌కాటా అనే పల్లెలో సాల్వేషన్ ఆర్మీ నడిపే ఆసుపత్రి.

అప్పటికి అక్కడ రోగులకు ఇవ్వదగిన మందు లేదు. రోగులు పెరుగుతున్నారు, మంచాలు చాలడం లేదు. ఎయిడ్స్ రోగులకు వేరే వార్డు కట్టి వారిని ఒక పక్కకు నెట్టడం సులువైన దారి. ఆ ఆసుపత్రివారు 1987లో ఆ దారి వదిలి, తామే రోగుల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. నర్సు ఇంటికి వచ్చి, రోగి పక్కన కూర్చుని, ఇంట్లోవాళ్ళకు ఎలా చూసుకోవాలో నేర్పింది. క్రమంగా ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడడం కూడా వైద్యంలో భాగమైంది. రోగి ఒక్కడి బాధ ఊరందరి బాధ్యతగా మారడం ఇక్కడే మొదలైంది.

"ఇంటిముందు ఆసుపత్రి బండి ఆగితే ఇక గుట్టు ఎక్కడ మిగులుతుంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే రోగి సమ్మతి లేనిదే ఇంటి గడప తొక్కకూడదు. మన 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం, 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చినది, చెప్పేదీ ఈ సమ్మతి గురించే. వైద్యంలో, ఉద్యోగంలో, చదువులో వివక్ష చూపడాన్ని కూడా అది నిషేధించింది.

ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు కూడా చెప్పాలి. మతసంస్థల వైద్యంలో ఉన్న బలహీనత నీతిబోధ. నాకు తెలిసిన ఒకామెకు భర్త ద్వారా ఈ జబ్బు సోకింది. ఒక ధర్మాసుపత్రిలో మందు సంగతి ఎత్తకముందే ఆమెను అడిగిన మొదటి ప్రశ్న "ఎలా వచ్చింది?" ఆమె మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. కండోముల విషయంలో కాథలిక్ చర్చి పట్టుదల ఎంతటిదో జగమెరిగినదే. 2010లో పోప్ బెనెడిక్ట్, కొన్ని సందర్భాలలో దాని వాడకం బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చునని అన్నంత మాత్రానికే అది ప్రపంచ వార్త అయింది.

ఇప్పుడు మందు ఉంది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఎ.ఆర్.టి. మందులు మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి హెచ్.ఐ.వి. ఉందని తేలిన ప్రతివారికీ చికిత్స ఇవ్వాలన్నది విధానం. క్రమం తప్పకుండా మందు వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదని కూడా రుజువయింది.

మరి మిగిలిందేమిటి? సిగ్గు. తెలిసినవాళ్ళు చూస్తారని మందుల కేంద్రానికి వెళ్ళడం మానేసేవారిని బిళ్ళలు బతికించలేవు. ఆ సిగ్గును పోగొట్టే శక్తి వైద్యులకన్నా గుడికీ, చర్చికీ, మసీదుకూ ఎక్కువ ఉంది. ఎందుకంటే పాపమనే మాటను జనం నోట ఎక్కువగా పలికించిందీ అవే. ఆదివారపు ప్రసంగంలోనో, శుక్రవారపు ప్రసంగంలోనో, పురాణ కాలక్షేపంలోనో "ఇది జబ్బు, శిక్ష కాదు" అని ఒక్క వాక్యం వినిపిస్తే, దానికి రూపాయి ఖర్చు లేదు.

నా మట్టుకు నాకు దైవభక్తి అంతంతమాత్రమే. అయినా ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మందే లేని రోజుల్లో రోగి పక్కన కూర్చోగలిగినవారిలో చాలామందిని అక్కడ కూర్చోబెట్టింది వారి విశ్వాసమే. మందు దొరికిన ఈ రోజుల్లో ఆ విశ్వాసం చేయవలసిన పని ఇంకా సులువు. ప్రశ్న అడగకుండా తలుపు తీస్తే చాలు.